మండపంలో ఓడ ఎక్కినవాడు

1983 సెప్టెంబర్ 12, సోమవారం

మూడు నెలలుగా ఇందులో ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదు. పొద్దున ఏడు నుంచి మూడున్నర దాకా నూలు మిల్లు పిల్లల గదిలో, పనికి వచ్చే ఆడవాళ్ల బిడ్డల్ని ఇరవైమందిని చూసుకోవడం, ఇంటికి రావడం, రెండు గిన్నెలు కడుక్కోవడం. అదంతా రాయడమెందుకు.

ఈరోజు రాస్తాను.

షిఫ్టు విడిచే సంగు ఊదినాక గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. పని అడగడానికి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. వాచ్‌మన్ "వేలై ఇల్లై, పో పో" అని తరుముతున్నాడు. ఆమె రెండడుగులు వెనక్కి జరిగి తనలో తాను అనుకుంది: "పని లేకపోతే పోనీ. తాగేదానికి నీళ్లన్నా పొయ్యకూడదా సామీ."

తెలుగులో అనుకుంది. కాన్వెంటులో గుంటూరు సిస్టర్ నాకు అక్షరాలు నేర్పిన తెలుగు కాదు. మా అమ్మ పొయ్యి దగ్గర మాట్లాడిన తెలుగు. మా మిల్లు లైను ఇండ్లు దాటితే ఆ మాట నా చెవిన పడేది ఎప్పుడో ఒకసారి.

"యా ఊరు అమ్మణీ నీది?" అన్నాను.

బెదిరిపోయింది. నన్ను కిందికీ మీదికీ చూసింది. "కరటూరు" అనింది. కాసేపాగి, "సిలోన్" అనింది.

పేరు వళ్లి. ఇరవైరెండేళ్లు. ఇంటికి తెచ్చి కూడూ చారూ పెట్టినాను. రెండు రోజులుండి పోతుంది.

సెప్టెంబర్ 13

రోజంతా నిద్రపోయింది.

సెప్టెంబర్ 15, గురువారం

ఈరోజు మాట్లాడింది. నేను అడగలేదు. చింతపండులో గింజలు తీస్తూ తానే మొదలుపెట్టింది.

వాళ్ల తాత అయ్యాసామి. మీసం రాకముందే కంగాణి వెంట తేయాకు తోటకు పోయినాడంట. కంగాణి అంటే ఊరూరా తిరిగి మనుషుల్ని కూర్చి ఓడ ఎక్కించేవాడు. తాతను ఆ కొండవాలులోనే పూడ్చినారు. అమ్మనూ నాయిననూ కూడా. వళ్లి పుట్టిందీ, ఆకు కోసిందీ అక్కడే. మా లైను ఇండ్లను చూసి "ఇది లయమే గదా పెద్దమ్మా, మాదీ ఇట్లాంటిదే" అంటుంది. అక్కడ వరస ఇండ్లను లయం అంటారంట.

"అక్కడి కాయితం లేదు మాకు. ఇక్కడి కాయితమూ లేదు. మీవాళ్లే అంటే మీవాళ్లే అని రెండు సర్కార్లూ తోసుకునేది."

మొగుడు రాజేంద్రన్ టౌనులో బట్టల అంగట్లో పని చేసేవాడు. జూలైలో తమిళవాళ్ల అంగళ్లు కాల్చిన రోజు పనికి పోయినవాడు తిరిగి రాలేదు. ఐదో రోజు, అదే అంగట్లో పనిచేసే ఇంకొకడు వచ్చి చెప్పినాడు. ఏమి చెప్పినాడో వళ్లి నాకు చెప్పలేదు. ఆ తర్వాత లయాలకు కూడా నిప్పు పెట్టినారు. తేయాకు చెట్ల మధ్య రెండు దినాలు పడుకుని ఉండి, ఎవరెవరితోనో నడిచి, పడవ ఎక్కి, రామేశ్వరం ఒడ్డున దిగింది. అక్కడి నుంచి మండపం కాంపు, సిలోన్ నుంచి పారి వచ్చినవాళ్లను ఉంచే చోటు. సొంత ఊరు వెతుక్కుంటానని అడిగితే కాంపులో వారం రోజుల లీవు చీటీ ఇచ్చినారు. సోమవారంతో అయిపోతుంది. ఉడుమలైపేట పక్కన కరటూరు అని తాత చెప్పేవాడంట. కోయంబత్తూరు స్టేషన్లో దిగేసరికి చేతిలో ఏమీ మిగలలేదు. అందుకే పని అడగడానికి మిల్లు గేటుకు వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పింది. మూడో నెల.

నేను లేచి పొయ్యి దగ్గరికి పోయినాను. పొయ్యి మీద ఏమీ లేదు.

సెప్టెంబర్ 17

నా టీ తాగి మొహం చిట్లించింది. "ఇది ఆకు కాదు పెద్దమ్మా. మంచి ఆకంతా దొరలకు పోయినాక నేల ఊడ్చి అమ్మేది ఇది" అనింది. అదే పొడితో తాను పెట్టి ఇచ్చింది. నలబై ఏడేళ్లుగా నేను తాగింది టీ కాదని తెలిసింది.

సాయంత్రం నా తల దువ్వింది. వెంట్రుకల్లో దూది ఏరి పక్కన పెడుతూ, "దిండు కుట్టొచ్చు" అని నవ్వింది. నవ్వడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 18, ఆదివారం

రేపు పొద్దున రైలు ఎక్కించాలి. రూలు రూలే. చీటీ దాటితే కాంపులో పేరు కొట్టేస్తారంట, పోలీసులు వెతుకుతారంట. నా చీరలు రెండు మూట కట్టినాను. దారిలో తినడానికి చింతపండు కూడు కలపాలి.

సెప్టెంబర్ 19

ఎక్కించలేదు. పొద్దున లేచినప్పటి నుంచి వాంతులు. వాంతులతో ఎట్లా పంపేది. తగ్గినాక పంపుతాను.

సెప్టెంబర్ 22

వాంతులు తగ్గినాయి. వాన పడుతోంది.

సెప్టెంబర్ 24

వాన లేదు.

పక్కింటి దొరైసామి అడిగినాడు, "చుట్టమా అక్కా?" అని. స్పిన్నింగులో పని, యూనియన్ మనిషి, మంచివాడే. "చుట్టమే" అన్నాను. ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

సెప్టెంబర్ 26, సోమవారం

లేబర్ ఆఫీసర్ వెంకటరామన్ పిలిపించినాడు. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాడు. ఈరోజూ పెంచలేదు.

"ఆరోగ్యమేరీ, నీ ఇంట్లో సిలోన్ అమ్మాయి ఉందంట."

"ఉంది సార్."

"ఈ ఇల్లు నీది కాదు, మిల్లుది. బయటివాళ్లను ఉంచకూడదు. పోలీసు అడిగితే నేను లేదని చెప్పలేను. ఈ నెలాఖరుతో పంపెయ్. లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది నువ్వు."

బయటికి వస్తే దొరైసామి నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఇంటిదాకా నాతో నడిచినాడు.

"అక్కా, కాంపుకు పోకుండా దారొకటి ఉంది. ఇక్కడ రక్తసంబంధి ఎవరన్నా తాసిల్దారు ముందర వచ్చి, ఇది మా బిడ్డే, నేను పూచీ అంటే చాలు. వాళ్లింట్లో ఉండనిస్తారు. మా యూనియన్లో ఒకడి మేనకోడలికి అట్లానే అయింది. ఆ కరటూరు పోయి చూడండి."

"ఎవరూ లేకపోతే?"

దొరైసామి గుమ్మం దగ్గర ఆగినాడు. రేపు పోయి, ఈ సంగతి తేలేదాకా వెంకటరామన్ దగ్గర గడువు అడుగుతానన్నాడు.

వళ్లి తలుపు సందులోంచి అంతా వినింది. నేను లోపలికి పోయేసరికి మూట కట్టుకుని కూర్చుని ఉంది. "నీ ఇల్లు పోగొట్టను పెద్దమ్మా" అనింది.

మూట విప్పించినాను. గట్టిగా అరిచినాను కూడా. పాపం, అరవకూడదు.

అక్టోబర్ 2, ఆదివారం

సంగతి తేలేదాకా ఆగుతానని వెంకటరామన్ ఒప్పుకున్నాడు. ఈరోజు పూజకు పోలేదు. పొద్దున బస్సుకే ఉడుమలైపేట పోయినాము.

ఆ తాలూకాలో కరటూరు అనే పేరుతో మూడు ఊళ్లు ఉన్నాయంట. మొదటి దానిలో తెలుగు మాట్లాడే మనవాళ్లే లేరు. రెండో దానిలో ఒకాయన మంచం మీద పడుకునే, "సిలోన్‌కు పోయినోళ్లా? ఊరికి పది మంది పోయినారు. ఎవర్నని చెప్పేది?" అని అటు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో, కొబ్బరితోటల మధ్య మూడో ఊరికి నడిచినాము. వళ్లి కాళ్లు ఉబ్బినాయి. పోదాం పద, ఇంగ వద్దు అని రెండుసార్లు అనింది. నాకూ అట్లానే ఉండింది.

ఊరి పెద్దయిల్లు పెరుమాళ్సామి నాయుడుగారిది. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మేము కింద వాకిట్లో నిలబడినాము. ఆయనదీ తెలుగే. ఇంట్లోంచి ఆయన భార్య చెంబు తెచ్చి, ఎత్తి మా దోసిళ్లలో పోసింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. తాగినాము.

"అయ్యాసామి అని మీ వీధిలో ఇంటికొకడుంటాడు" అన్నాడు నాయుడు. "అయితే సిలోన్‌కు పోయిన అయ్యాసామి అంటే, ఆకు కీరలమ్మే వీరి ఉందే, వీరమ్మాళ్, దాని అన్న ఒకడు పోయినాడని మా నాయిన చెప్పేవాడు. పోయి అడుగు."

కాలనీలో చివరి ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. వాకిట్లో కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది. నేను సంగతి చెప్పినాను. అయ్యాసామి పేరు వినగానే చేతిలో కట్ట కింద పెట్టింది. నన్ను చూడలేదు. వళ్లినే చూసింది.

"కాళ్లు ఏంది అట్లా ఉబ్బినాయి?" అనింది.

వళ్లి చెప్పింది. ముసలామె లేచింది. లోపలినుంచి చాప తెచ్చి పరిచింది. రాగి కళి పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తర్వాత మాత్రం మీ తాత ఎట్లుండేవాడు, పొట్టా పొడుగా, ఎడమచేతి వాటమా అని అడిగింది. వళ్లికి ఆయన ముసలితనమే తెలుసు. పొడుగే అనింది. చెయ్యి గుర్తు లేదనింది.

"పొడుగే" అనింది వీరమ్మాళ్. "మా అన్న పొడుగే."

తాసిల్దారు ఆఫీసుకు వస్తావా అవ్వా అని అడిగినాను.

"ఎందుకు రాను? నా అన్న మనమరాలు."

తిరుగు బస్సులో వళ్లి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. పల్లడం దాకా నేను కదలలేదు. భుజం తిమ్మిరెక్కింది.

అక్టోబర్ 5

ఎడమచేతి సంగతి ఆమె ఎందుకు అడిగిందా అని ఆలోచిస్తున్నాను. ఊరికే అడిగి ఉంటుంది.

అక్టోబర్ 10, సోమవారం

సెలవు పెట్టి ఉడుమలైపేట తాలూకా ఆఫీసుకు పోయినాము. వీరమ్మాళ్ ఉతికిన చీర కట్టుకుని మాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. తాసిల్దారు తమిళంలో అడిగినాడు. ముసలామె తెలుగులో చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే నేను తమిళంలో చెప్పినాను. వేలిముద్ర వేసింది. కాయితం కలెక్టరాఫీసుకు పోతుందంట.

అంతే. మంచిగా జరిగింది.

అక్టోబర్ 11

నిన్న రాసింది నిజం కాదు. ఇక్కడి లైను ఇండ్లలో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. నాకు నేనే అబద్ధం రాసుకుంటే ఇంక ఈ పుస్తకమెందుకు. అంతా మొదట్నుంచీ రాస్తాను.

గదిలో తాసిల్దారు, మూలన బల్ల దగ్గర ఒక గుమాస్తా. కళ్లద్దాలు, నెరిసిన తల. ఆయన రాసుకుంటున్నాడు. తాసిల్దారు చెడ్డవాడు కాడు, అలిసిపోయినవాడు. పొద్దుట్నుంచి ఇట్లాంటివి ఎన్ని చూసినాడో.

"మీ అన్న ఎప్పుడు పోయినాడు, ఎట్లా పోయినాడు, ఆయన సిలోన్ చేరినట్టు నీకెట్లా తెలుసు?" అని అడిగినాడు.

వీరమ్మాళ్ సంతలో తమిళంలోనే కీరలు అమ్ముతుంది. కానీ ఆ కుర్చీని, ఆ గోడ మీది పటాలను చూసేసరికి ఆమెకు తమిళం రాలేదు. రెండు చేతులూ జోడించి, తెలుగులో మొదలుపెట్టింది.

"మా అన్న ఓడ ఎక్కనేలేదు సామీ. మండపంలో అందర్నీ ఆపి, సూదులు వేసి, రోగం ఉందా లేదా అని చూసేవాళ్లంట. అక్కడ్నే వాంతిభేది వచ్చి పోయినాడని కంగాణి వచ్చి చెప్పె. మా అమ్మ ఆ పొద్దు నుంచి ఉప్పు లేని కూడు తినె."

చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అబద్ధం చెప్పాలని వచ్చిన మనిషే. ఆ కుర్చీ ముందర నిజం తప్ప ఆమెకు ఇంకేమీ నోటికి రాలేదు. అరవై ఏళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అడిగితే ఇంకేమి చెప్తుంది.

వళ్లి నా వెనకాల నిలబడి ఉంది. నా కొంగు పట్టుకుంది.

"ఏమంటుంది?" అన్నాడు తాసిల్దారు, నన్ను చూసి.

ఏసుసామి ముందర రాస్తున్నాను. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెప్పగలిగేదాన్ని కాను.

"మండపంలో ఆపి, సూదులు వేసి, రోగం లేదని చూసి, వాళ్ల అన్నని ఓడ ఎక్కించినారంట సార్. ఆ సంగతి కంగాణి వచ్చి ఇంట్లో చెప్పినాడంట. వాళ్లమ్మ ఆ రోజు నుంచి ఉప్పు లేని కూడు తినిందంట."

నిజాలన్నీ అట్లానే ఉంచినాను. నడుమ ఒకటి మాత్రం నాది.

గదిలో కలం చప్పుడు ఆగింది. మూలన గుమాస్తా తలెత్తి కళ్లద్దాల పైనుంచి నన్ను చూసినాడు. ముసలామెను చూసినాడు. వళ్లి పొట్టను చూసినాడు. ఆయనకు తెలుసు. ఇప్పుడు నోరు తెరుస్తాడు, మమ్మల్ని ముగ్గుర్నీ ఇక్కడే కూర్చోబెడతారు, బిడ్డ కాంపులో పుడుతుంది అనుకున్నాను.

ఆయన కలం విదిలించినాడు. తల దించి రాసినాడు. రాసింది చదివి వినిపించినాడు, తమిళంలో: "మండపంలో ఓడ ఎక్కినాడు." నేను చెప్పిందే.

వీరమ్మాళ్‌కు ఆ తమిళం అర్థమయింది. కాకుండా ఉంటుందా. ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత బొటనవేలు ముందుకు చాచింది. సిరా ఆ గుమాస్తానే అద్దినాడు.

మేము వరండా దాటి మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆయన కుండలో నీళ్లు తాగడానికన్నట్టు బయటికి వచ్చినాడు.

"మెట్లు ఎత్తుగా ఉన్నాయి. ముసలామెను పట్టుకోండమ్మా" అన్నాడు. తెలుగులో అన్నాడు. లోపలికి పోయినాడు. ఆయన పేరు కూడా తెలియదు.

బస్టాండులో ముగ్గురం రాతిబెంచీ మీద కూర్చున్నాము. చివరికి వళ్లే అనింది.

"అయితే అవ్వా... నీ అన్న మా తాత కాడు గదా."

నేను వాళ్లిద్దర్నీ చూడలేక బస్సుల్ని చూసినాను.

వీరమ్మాళ్ కొంగుతో సిరా వేలు తుడుచుకుంటా ఉండింది. పోలేదు. ఇంకా తుడిచింది.

"ఆ కంగాణి నోట్లో ఎప్పుడన్నా నిజం ఉండెనా?" అనింది. "వారానికి రెండు పూటలు మాంసం పెడతారన్నాడు. పెట్టినారా మీ తోటలో?"

"లేదవ్వా."

"మూడేండ్లకు తిరిగి వచ్చేస్తారన్నాడు. ఎవురన్నా వచ్చినారా?"

"లేదు."

"మరి అన్నీ అబద్ధం చెప్పినోడు మా అన్న చచ్చినాడని మాత్రం నిజం చెప్పినాడా? అరవై ఏండ్లు వాడి మాట నమ్మి ఏడిస్తిని. ఇంగ నమ్మను."

వళ్లి ఆమె ఒళ్లో తల పెట్టింది. అంత మంది నడుమ, బస్టాండులో. ఆమె నిమురుతా ఉంటే వళ్లి నుదుటి మీద సిరా అంటింది. నేను తుడవలేదు.

అక్టోబర్ 16, ఆదివారం

గుడికి పోయి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసినాను. కోపం చెప్పినాను. పోయిన ఆదివారాలు పూజ తప్పింది చెప్పినాను. దొరైసామి పెళ్లాం మీద మనసులో అనుకున్నవి కూడా చెప్పినాను.

ఆ ఒక్కటి చెప్పలేదు. పాపమైతే కదా చెప్పేది.

అక్టోబర్ 24

వళ్లి పిల్లల గదికి వచ్చింది, ఊరికే చూసిపోవడానికి. చీర ఉయ్యాలలు వరసగా ఊగుతా ఉంటే గుమ్మంలో నిలబడిపోయింది. ఒక్కో దాన్ని తాకుతూ ఆ చివరిదాకా నడిచింది. ఇంటికి వచ్చినాక అడిగింది, "నీకు బిడ్డలు పుట్టలేదా పెద్దమ్మా?" అని.

మూడుసార్లు ఇంట్లో ఉయ్యాల కట్టినాను, మూడుసార్లు విప్పినాను అని చెప్పినాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆయనతో కూడా ఆ మాట ఇట్లా అనలేదు. వళ్లి లేచి టీ పెట్టింది.

నవంబర్ 2

ఆర్డరు వచ్చింది. దొరైసామి చేతికిచ్చి పంపినారు. వళ్లి కాంపుకు పోనక్కర్లేదు!

లైనులో ఇంటింటికీ పోయి చెప్పినాను. దొరైసామి పెళ్లాం చక్కెర తెచ్చి అందరి నోట్లో వేసింది. మంచి మనిషే. వెంకటరామన్‌కు కూడా చూపించినాను. ఆయన పూర్తిగా చదివి, నా మొహం చూసి, "కింద రెండో వాక్యం చదివినావా?" అన్నాడు.

చదివినాను. వీరమ్మాళ్ పూచీ మీద, ఆమె ఇంట్లోనే ఉండాలి. నెలకొకసారి అక్కడి పోలీసు స్టేషన్లో సంతకం పెట్టాలి.

ఆ వాక్యం వళ్లికి చదివి వినిపించలేదు. దీపావళి పోనీ.

నవంబర్ 6

చెప్పినాను. ఆమెకు ముందే తెలుసంట. తమిళం చదువుతుంది కదా, నేను మరిచేపోయినాను. "నువ్వు చెప్పేదాకా ఉందామని ఉన్నాను" అనింది.

నవంబర్ 7, సోమవారం

బస్సు ఎక్కించినాను. కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు. కండక్టరు విజిలు వేసినా వదల్లేదు.

"నువ్వూ రాకూడదా?"

"నా ఇరవైమంది బిడ్డల్ని ఎవరు చూస్తారు అమ్మణీ?"

"వాళ్లకు అమ్మలున్నారు గదా" అనింది.

బస్సు కదిలింది.

నవంబర్ 8

బాగానే ఉంది. ఇల్లు విశాలంగా ఉంది.

నవంబర్ 9

విశాలంగా ఉంది.

నవంబర్ 13, ఆదివారం

ఉడుమలైపేటలో పని ఉండి పోయినాను. అట్లానే కరటూరు కూడా చూసి వచ్చినాను. వళ్లి కీరల కట్టలు కట్టడం నేర్చుకుంది. కొబ్బరి పీచు తాడు పేనే చిన్న మిల్లులో పని దొరికింది. వీరమ్మాళ్ ఆమెను బరువు ఎత్తనివ్వదు. బిందె నేను ముట్టుకుంటే నన్ను కూడా తిట్టింది.

వీధిలో కొందరికి అసలు సంగతి తెలుసనిపిస్తుంది. ఒకామె నవ్వుతూ, "అవ్వా, నీకు అరవై ఏండ్లకు అన్న దొరికినాడే" అనింది. వీరమ్మాళ్ తలెత్తకుండా, "నీకేమే నొప్పి?" అనింది. వీధంతా నవ్వింది. అంతటితో సరి.

నవంబర్ 20, ఆదివారం

ఉడుమలైపేటలో పని.

1984 జనవరి 8

ఆ బస్సు కండక్టరు నన్ను చూసి టికెట్టు అడక్కుండానే చింపి ఇస్తున్నాడు. "కరటూరు మేట్లో దిగేదే గదా" అంటాడు. మేడు అంటే ఊరి బయట మిట్ట, బస్సు ఆగే చోటు.

జనవరి 22

వళ్లికి ఏడో నెల దాటింది. ఈరోజు మొదటిసారి రాజేంద్రన్ గురించి తానుగా మాట్లాడింది. అతను నవ్వితే భుజాలు మాత్రం ఊగేవంట, శబ్దం వచ్చేది కాదంట. నేనూ వీరమ్మాళ్ విన్నాము. మాట్లాడినంతసేపూ ఏడవలేదు. తర్వాత, అన్నం వడ్డిస్తా ఉంటే ఏడ్చింది. ముగ్గురం మెల్లగా తినినాము.

ఫిబ్రవరి 26, ఆదివారం

ఇది కరటూరులో రాస్తున్నాను.

మేట్లో బస్సు దిగగానే చెప్పినారు, గురువారం సాయంత్రమే పుట్టిందని. నెల ముందరే వచ్చేసింది. ఆడబిడ్డ. పరిగెత్తినాను. నలబై ఏడేళ్ల మనిషి కొబ్బరితోటల్లో పరిగెత్తుతుంటే పనివాళ్లు నిలబడి చూసినారు.

చిన్నదిగా ఉంది, ఎర్రగా ఉంది, గొంతు మాత్రం పెద్దది. వళ్లి మొహం వాడిపోయి ఉంది. నన్ను చూసి, "ఎందుకు ఇంతసేపు?" అనింది. నాకు తెలిసేది ఎట్లా, ఈరోజే కదా ఆదివారం అని చెప్పబోయినాను. చెప్పకుండా ఆమె పక్కన కూర్చున్నాను.

ఊరి నర్సు వచ్చి ఉంది, బిడ్డ పుట్టిన చీటీ రాయడానికి. మోకాలి మీద రిజిస్టరు పెట్టుకుని ఒక్కొక్కటే తమిళంలో అడుగుతా ఉంది. తండ్రి పేరు చెప్పినారు. ఉన్నాడా అంటే లేడు అని వళ్లే చెప్పింది, గొంతు తొణక్కుండా. సొంత ఊరు ఏదంటే వీరమ్మాళ్ అందుకుంది.

"కరటూరు. ఇంకేమి రాస్తావు? పుట్టింది ఇక్కడ్నే గదా, నీ చేతుల మీద్నే గదా!"

నర్సు నవ్వి రాసుకుంది. "తల్లికి సాయంగా ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారు? మీరు చూసుకోలేరు అవ్వా, వయసయింది. నెల తక్కువ బిడ్డ, జాగ్రత్తగా చూడాలి. అమ్మమ్మ ఉందా?"

వళ్లి నా వైపు చూసి, బిడ్డ వైపు తల తిప్పుకుంది.

వీరమ్మాళ్ గడ్డం ఎత్తి నన్ను చూపించింది. "అదిగో, ఇప్పుడే బస్సు దిగి వచ్చింది."

నర్సు నన్ను పేరు అడిగింది. చెప్పినాను. ఊరు అడిగింది. కోయంబత్తూరు అన్నాను. ఎన్ని రోజులుంటారు అని అడిగింది. బిడ్డ ఏడుస్తోందని ఎత్తుకున్నాను.

ఎత్తుకున్నాక మూడున్నర బస్సు పోయింది. అయిదున్నరది కూడా పోయింది. దించుతానంటే నిద్ర లేస్తోంది, ఏమి చేసేది. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉన్నాయి.

పొద్దున మొదటి బస్సుకు కండక్టరు చేతికిచ్చి వెంకటరామన్ సార్‌కు సెలవు చీటీ పంపుతాను. ఇదే పుస్తకంలో ఒక కాయితం చింపి, తమిళంలో రాసి పెట్టినాను. నలబై రోజులు అడిగినాను. కారణం అన్న చోట, మనమరాలు పుట్టింది అని రాసినాను.